నాణేన్ని ఫొటో తీస్తే నా చొక్కా పడింది

జూన్ 9 మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియో. నాలుగు నాణేలకు టెక్స్చర్లు, అంటే ఆటలోని త్రీడీ నాణెం మీద అతికించే బొమ్మలు, కావాలన్నారు. విజయనగరం కాలపు బంగారు వరహా, బ్రిటిష్ వాళ్ల నాటి చిల్లు కానీ, పాత స్టీలు రూపాయి, ఇప్పటి పది రూపాయల బిళ్ల. ఆటలో ఒక ముసలావిడ పాత పెట్టె తెరుస్తుందట, తరతరాల డబ్బులు అందులోంచి బయటపడతాయట. కెమెరా నాణెం మీదికి బాగా దగ్గరికి వెళ్తుంది కాబట్టి "రియల్‌గా ఉండాలి, ప్లాస్టిక్ బిళ్లలా ఉండకూడదు" అని మూడుసార్లు చెప్పారు. మొత్తం 24,000, అందులో 8,000 అడ్వాన్స్, పదిహేను రోజుల గడువు.

నేను ఆలోచించకుండా సరే అన్నాను. రాయి, కట్టె, పెచ్చులూడిన గోడ, గోనెపట్టా, ఇవన్నీ ఇంతకుముందు చేసినవాణ్ని. నాణెం అంటే ఏముంది, గుండ్రటి బిళ్లే కదా అనుకున్నాను. పదిహేను రోజుల పని నలభై మూడు రోజులు పట్టింది. ఇలాంటి పని ఒప్పుకోబోయేవాళ్లకు రోజులు ఎక్కడెక్కడ పోతాయో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

రూపాయి బిళ్లలు ఇంట్లోనే ఉన్నాయి, మా అవ్వ దగ్గర. మూడేళ్ల కిందట తాతకు ఒంట్లో బాగాలేనప్పుడు తిరుమల కొండకు మొక్కుకుని, పసుపు గుడ్డలో నూటపదహారు రూపాయి బిళ్లలు ముడుపు కట్టింది. తాత కోలుకున్నాడు. అవ్వ మోకాళ్లు మాత్రం కుదురుకోలేదు, ముడుపు దేవుడి గూట్లోనే ఉండిపోయింది. అందులో సగానికి పైగా 1992 నుంచి 2004 వరకు వచ్చిన స్టీలు రూపాయిలే: 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. నాకు కావలసినవి సరిగ్గా అవే. అడిగితే అవ్వ ముందు ఒప్పుకోలేదు. సాయంత్రం దీపం పెట్టాక తనే దండం పెట్టుకుని ముడి విప్పింది.

"స్వామి లెక్క నాయనా. ఒక్కటి తగ్గినా నేను ఊరుకోను."

జూన్ 10న తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద గదిలో మొదటి ఫొటో తీశాను. ఆరోజు నీలం గళ్ల చొక్కా వేసుకున్నాను. ఫొటో పెద్దది చేసి చూస్తే సింహాల బొమ్మ మీద నీలం గళ్లు. అంచు మీద ట్యూబులైటు తెల్లటి గీత. మధ్యలో నల్లటి మచ్చ ఏమిటా అని చూస్తే అది నా ఫోనే. చొక్కా విప్పి తీస్తే నా ఒంటి రంగు పడింది. తెల్లటి దుప్పటి కప్పుకుని తీస్తే నాణెం పాలిపోయి అల్యూమినియం బిళ్లలా తయారైంది. ఈ దుప్పటి అవతారంలో ఉండగానే అమ్మ కాఫీ తెచ్చింది. ఏమీ అడగకుండా గ్లాసు పెట్టి వెళ్లిపోయింది.

వాటిలో కాస్త బాగున్నదాన్ని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బిళ్లకు అతికించి లైటు తిప్పాను. లైటు కుడి నుంచి ఎడమకు పోయింది. నాణెం మీది మెరుపు మాత్రం ఉన్నచోటే ఉంది, ఎందుకంటే అది మా ట్యూబులైటు మెరుపు, ఫొటోలోనే అచ్చుపడిపోయింది. గోడకూ కట్టెకూ ఈ బాధ ఇంత ఉండదు. వాటికి సొంత రంగు ఉంటుంది, వెలుతురు వాటిలో కాస్త ఇంకి, ఆ రంగుతో బయటికి వస్తుంది. లోహంలో వెలుతురు అలా ఇంకి బయటికి రాదు, పడ్డదాంట్లో చాలా భాగాన్ని లోహం పైపైనే తిప్పికొడుతుంది. మనం నాణెం రంగు అనుకునేదాంట్లో చాలావరకు చుట్టుపక్కల ఉన్నవాటి ప్రతిబింబమే. పుస్తకజ్ఞానంగా ఇది నాకు ముందే తెలుసు. చొక్కా కనబడ్డాకే ఒంటికి పట్టింది.

దీనికి మందు క్రాస్ పోలరైజేషన్ అని ఎక్కడ చూసినా రాశారు. లైటు ముందు పోలరైజింగ్ షీటు పెట్టాలి, లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ తగిలించి అడ్డంగా తిప్పాలి. మెరుపు పోయి అసలు రంగు మిగులుతుంది. రాయికీ ఆకుకూ మనిషి చర్మానికీ బ్రహ్మాండంగా పనిచేసే పద్ధతి ఇది. జూన్ 11న ఆర్డర్ పెట్టాను. షీటు 640, ఫిల్టర్ 1,150. ఆరు రోజులు ఎదురుచూశాను. ఈలోగా అడ్వాన్స్ జూన్ 14న పడింది. ఒక స్నేహితుడి దగ్గర పాత కెమెరా, మాక్రో లెన్సు అడిగి తెచ్చుకున్నాను.

జూన్ 17 రాత్రి గది చీకటి చేసి, షీటు కట్టిన టార్చి వేసి, ఫిల్టర్ మెల్లగా తిప్పుతూ వచ్చాను. మెరుపు తగ్గింది. ఇంకా తగ్గింది. నాణెం నల్లబడిపోయింది! బొగ్గుబిళ్లలా నలుపు. ముందు కెమెరా పాడైందేమో అనుకుని స్నేహితుడికి ఏం చెప్పాలా అని చెమట పట్టింది. పక్కన నా వేలు పెట్టి చూస్తే వేలు మామూలుగానే కనబడుతోంది. కాసేపటికి గానీ అర్థం కాలేదు: లోహం ఇచ్చేదే మెరుపు. మెరుపును పూర్తిగా ఆపేస్తే ఇక మిగిలేదేమీ లేదు. 1,790 రూపాయలు, ఆరు రోజులు పెట్టి నల్లటి ఫొటో తీశానన్నమాట.

లైటు ఆర్పబోతూ తెర మీద ఇంకోసారి చూశాను. నలుపు అంతటా ఒకేలా లేదు. సింహాల జూలు సందుల్లో, 'భారత్' అక్షరాల మూలల్లో, అంచుకు ఆనుకుని ఉన్న గాడిలో సన్నటి పసుపు గీతలు వెలుగుతున్నాయి. అవ్వ గుడ్డకు రాసిన పసుపు! మూడేళ్లుగా ఆ బిళ్లలను అంటిపెట్టుకుని సందుల్లోకి దూరి గట్టిపడిపోయింది. పసుపు లోహం కాదు కాబట్టి దాని రంగు మిగిలింది. ఒకచోట కుంకుమ రేణువు ఎర్రగా, ఒకచోట వేలి జిడ్డు బూడిదరంగు పొరలా కనబడుతోంది.

అంటే లోహం ఎక్కడుందో, మురికి ఎక్కడుందో ఆ ఫొటోయే గీసి ఇచ్చింది. మెటాలిక్ మ్యాప్ అంటే ఇదే: లోహం ఉన్నచోట తెలుపు, లేనిచోట నలుపు. చాలామంది దీన్ని మొత్తం తెల్లగా నింపేసి, మురికిని పైన గోధుమరంగు పూసి వదిలేస్తారు. నేనూ అదే చేసేవాణ్ని. అప్పుడు మురికి కూడా ఇనుములా మెరిసి, నాణెం ఏదో చాక్లెట్ రేపరు చుట్టినట్టు ఉంటుంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా పన్నెండు బిళ్లలు అలాగే తీశాను. ఏ రెండింటిలోనూ పసుపు ఒకేలా లేదు. దేని కోసం కొన్నానో ఆ పనికి ఏమాత్రం అక్కరకు రాని షీటు, నేను అడగని పని చేసిపెట్టింది.

బేస్ కలర్‌కు, అంటే నాణెం అసలు రంగు చెప్పే బొమ్మకు, ఫొటో అసలు వాడనేలేదు. లోహానికి అక్కడ ఇవ్వాల్సింది, ఎరుపు, పచ్చ, నీలం వెలుగులను అది ఎంతెంత తిప్పికొడుతుందో కొలిచి పెట్టిన మూడు అంకెలే. బంగారానికి 1.00, 0.77, 0.34, రాగికి 0.96, 0.64, 0.54, ఇనుముకు మూడూ దాదాపు 0.56. పది రూపాయల బిళ్లకు రెండు లోహాలు కాబట్టి రెండు అంకెల గుంపులు, వాటి మధ్య అతుకులో సన్నటి నల్లగీత. ఆ బిళ్ల పని ఒకటిన్నర రోజులో అయిపోయింది, దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. తెచ్చుకోవడం కూడా తేలికే. ఇవి చెల్లవన్న పుకారు చాన్నాళ్లు తిరిగింది. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని 2018లో రిజర్వు బ్యాంకే ప్రకటించాల్సి వచ్చింది. ఇప్పటికీ మా వీధి చివర టీకొట్టాయన చేతికి బిళ్ల వస్తే మొహం చిట్లిస్తాడు. అడగ్గానే గుప్పెడు ఇచ్చేశాడు.

ఇక ఉబ్బెత్తుల సంగతి. బొమ్మ, అక్షరం ఎక్కడ ఎటు వాలిందో చెప్పే నార్మల్ మ్యాప్ ఎలా తీయాలి? ముందు వీధిలో జిరాక్సు షాపు స్కానర్ మీద పెట్టి చూశాను. గాజుకు తగిలిన అంచు మాత్రం స్పష్టంగా వచ్చింది, కాస్త లోపలికి ఉన్నదంతా మసక. తర్వాత ఎనిమిది దిక్కుల నుంచి లైటు వేసి తీసే పద్ధతి. కెమెరా కదలకూడదు, టార్చి ఒక్కటే చుట్టూ తిరగాలి. ఎనిమిది ఫొటోల్లో వెలుగునీడల తేడాను బట్టి పైథాన్ స్క్రిప్టు (చిన్న కంప్యూటర్ ప్రోగ్రాము) వాలు లెక్కగడుతుంది. టార్చి ఏ దిక్కున ఉందో స్క్రిప్టుకు తెలియడానికి పక్కన ఒక నున్నటి స్టీలు గుండు పెట్టాలి, దాని మీద పడ్డ మెరుపుచుక్కను బట్టి దిక్కు తెలుస్తుంది. సైకిల్ షాపులో బేరింగు గుండు పది రూపాయలకు ఇచ్చాడు. టార్చి పెట్టే చోట్లు గుర్తు కోసం సుద్దతో నేల మీద గుండ్రంగా చుక్కలు పెట్టుకున్నాను. "ఇంట్లో ముగ్గేసినావేంది, అదీ చుక్కలు కలపకుండా?" అంది అమ్మ.

ఫలితం ఘోరం. ఆ లెక్క అంతా సుద్దలాంటి మెరవని వస్తువుకు కుదిరేది. నాణెం మీద మెరుపు పడ్డ ప్రతిచోటా స్క్రిప్టు గుంటలు తవ్వింది, సింహాలకు మశూచి పోసినట్టుంది. మెరుపు పోవడానికి మొహానికి రాసుకునే పౌడరు చల్లి చూశాను. గుంటలు పోయాయి, వాటితోపాటు సంవత్సరం కింద ఉండే బుల్లి నక్షత్రమూ పోయింది. అది హైదరాబాద్ టంకశాల గుర్తు. హైదరాబాద్ వాళ్లకు పంపే పనిలో హైదరాబాద్ గుర్తు మాయం చేసి పంపడం నాకు ఇష్టంలేకపోయింది. అవ్వ గుమ్మంలోంచి చూసి, "స్వామి డబ్బుకు పౌడరెందుకు పూస్తా ఉండావురా?" అంది. నిజమే, ఎందుకు పూస్తున్నానో నాకూ నమ్మకం లేదు.

దారి చూపింది మా వదిన. కొర్లగుంటలో ఒక పళ్ల క్లినిక్‌లో పనిచేస్తుంది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు నా గోడు విని, "పన్ను మెరిస్తే మేమేం చేస్తాం అనుకుంటున్నావు? అచ్చు తీసి రాయి పోస్తాం" అంది. నాణేనికి అచ్చు తీసి, అందులో పళ్లవాళ్లు వాడే గట్టి ప్లాస్టరు పోస్తే మెరవని నాణెం వస్తుంది. దాన్ని ఫొటో తీసుకోవచ్చు. ఇంత తేలికైన మాట నాకు పది రోజులుగా తట్టలేదు.

జూన్ 24 రాత్రి తొమ్మిదిన్నరకు, పేషెంట్లందరూ వెళ్లాక క్లినిక్‌కు వెళ్లాను. అసలు గడువు ఆ రోజే. నోట్లోకి వెళ్లే ట్రేలు ముట్టుకోనివ్వనంది, అది న్యాయమే. మందుసీసా మూతలు నాలుగు కడిగి ఇచ్చింది. పళ్ల అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ పొడి నీళ్లలో కలిపితే పెరుగులా అయింది, మూతలో వేసి నాణెం అద్దితే మూడు నిమిషాల్లో రబ్బరులా గట్టిపడింది. ఉత్సాహంగా వాటిని డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, తీరిగ్గా పొద్దున ప్లాస్టరు పోశాను. అక్కడే తప్పు చేశాను. ఆల్జినేట్‌లో నీరు ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది. నా రూపాయి కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. పైగా గాలిబుడగ ఒకటి చిక్కుకుని ఒక సింహం దవడ మీద మొటిమ లేచింది.

25న స్టూడియో నుంచి ఫోన్. ఎంతవరకు వచ్చిందని అడిగారు. పళ్ల ఆసుపత్రిలో ఉందని చెప్తే ఎలా ఉంటుందో ఊహించుకుని, "నార్మల్ మ్యాప్ మీద ఉన్నాను" అన్నాను. గొంతులో విసుగు తెలుస్తోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

26న మళ్లీ వెళ్లాను. ఈసారి సిలికాన్ అచ్చు. ఇది దాదాపు కుంచించుకుపోదు, ఆల్జినేట్ కంటే సన్నని గీత కూడా పట్టుకుంటుంది, ఖరీదూ ఎక్కువే. మెటీరియల్‌కు 700 ఇచ్చాను. ఆ డబ్బు క్లినిక్ వాళ్లకే, వదిన తన చేతికి పైసా తీసుకోలేదు. ప్లాస్టరును ఒక్కసారిగా కాకుండా ఒక మూల నుంచి బొట్టుబొట్టుగా, మూతను తడుతూ పోయాలని చేసి చూపించింది. అలా అయితే గాలి ముందుకు తోసుకుంటూ బయటికి పోతుంది. గంట ఆగి అచ్చు ఊడదీస్తే, లేత పసుపు రంగులో నా అరచేతిలో రాతి రూపాయి. గోటితో తడిమితే నక్షత్రం ఐదు కొనలూ తగులుతున్నాయి. ఆ క్షణంలో ఆ 24,000 రాకపోయినా ఫర్వాలేదనిపించింది. పొద్దునకల్లా ఆ ఆలోచన పోయిందనుకోండి.

ఒక్క సంగతి చెప్పాలి: ముందు ఫొటోలు, ఆ తర్వాతే అచ్చు. సిలికాన్ ఊడదీసినప్పుడు సందుల్లోని పసుపంతా దానికి అంటుకుని వచ్చేసింది. నేను ముందే తీసిపెట్టుకోవడం అదృష్టమే తప్ప తెలివి కాదు. ఇంకోటి, గట్టిపడేటప్పుడు ప్లాస్టరు వెయ్యిలో ఒక వంతు దాకా ఉబ్బుతుందని వదిన చెప్పింది. వినడానికి లెక్కలోది కాదనిపిస్తుంది. 4096 పిక్సెళ్ల టెక్స్చర్‌లో అది నాలుగు పిక్సెళ్లు. పసుపు గీత అక్షరం మూలలో కాకుండా అక్షరం మీదికెక్కి కూర్చుంది. ఫొటోను కాస్త సాగదీసి సరిపెట్టడానికి ఒక పూట పట్టింది.

27 ఉదయం అవ్వ లెక్కపెట్టింది. నూటపదిహేను. ఇంకోసారి లెక్కపెట్టింది. నూటపదిహేనే. మంచాల కింద, కీబోర్డు కింద, చెత్తబుట్టలో, కెమెరా సంచిలో వెతికాం. అవ్వ ఏమీ అనలేదు, అన్నం తినలేదు, అంతే. స్టూడియో వాళ్ల ఫోన్ కంటే ఆ మౌనం ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఇంకో రూపాయి కలిపేస్తానంటే, "అది వేరే రూపాయి" అంది. సాయంత్రం వదిన ఫోన్ చేసింది. మొదటిరోజు పాడైన ఆల్జినేట్ మూతల్లో ఒకదాన్ని అక్కడే వదిలేసి వచ్చానట, ఎండిపోయిన ముద్దలో రూపాయి ఇరుక్కుని ఉందట. రాత్రి తొమ్మిదికి వెళ్లి తెచ్చాను. అవ్వ దాన్ని కళ్లకద్దుకుని, గుడ్డలో వేసి, అప్పుడు పెరుగన్నం తింది.

28వ తేదీ కూడా మర్చిపోలేను. చిల్లు కానీ తాత పెట్టెలో దొరికింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో లోహం పొదుపు కోసం నడుమ చిల్లు పెట్టి 1943 నుంచి కొట్టినవి ఇవి. ఎనభై ఏళ్ల కంచు, పైన గోధుమ, నలుపు, అక్కడక్కడ పాచిరంగు. ఆ పొర అంత అందంగా రావడానికి ఎంతమంది చేతులు మారిందో. దాన్ని ఫొటో తీద్దామని వంటింటి గట్టు మీద కాగితంలో పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అమ్మ చింతపండు, ఉప్పు వేసి దేవుడి చెంబులతోపాటు తోమేసింది. గులాబీ రంగులో తళతళలాడుతోంది.

"నల్లగా ఉంటే ఎట్లా కనబడతాదని తోమినా నాయనా" అంది, మెచ్చుకుంటానేమోనని చూస్తూ. నేను నోరు విప్పలేదు. విప్పితే ఏదో ఒకటి అనేవాణ్ని. పాత నాణేలు పోగుచేసేవాళ్లు వాటిని తోమొద్దని ఎందుకు మొత్తుకుంటారో అప్పుడు తెలిసింది. తోమినది మురికి కాదు, వయసు. రెండు రోజులు తిరిగితే గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక సందులో పాత సామాన్లు అమ్మే ఆయన దగ్గర నల్లబడ్డవి మూడు దొరికాయి, 150కి ఇచ్చాడు. అమ్మ తోమినదీ వృథా పోలేదు. ఒకే రకం కానీ, పొర ఉన్నది ఒకటి, లేనిది ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే, పొర ఎక్కడ మందంగా పడుతుందో, వేళ్లు తగిలే చోట ఎలా పలచబడి లోపలి కంచు బయటపడుతుందో తెలిసిపోయింది. ఆ నల్ల పొర కూడా లోహం కాదు, కాబట్టి అదీ మెటాలిక్ మ్యాప్‌లో నలుపే. అంటే చిల్లు కానీలో లోహంగా చూపాల్సింది మిట్టలను మాత్రమే.

అరుగుదల గురించి ఒక మాట. ముందు నేను చేసినదంతా గీతలు గీకడమే. ఇంటర్నెట్‌లో దొరికే గీతల బొమ్మను మొత్తం మీద పరిచేశాను, బిళ్లను రోడ్డు మీద ఈడ్చినట్టు వచ్చింది. భూతద్దం పెట్టి అవ్వ రూపాయిలు చూస్తే వరస వేరు. ఎత్తైన చోట్లు గీతలు పడి కాదు, వేళ్లకూ సంచులకూ రాసుకుని నున్నగా అరిగిపోయాయి. చదునుగా ఉన్నచోట సన్నటి గీతలు అన్ని దిక్కులా. అచ్చుకొట్టినప్పటి పట్టులాంటి మెరుపు అక్షరాల పక్కన, వేలు దూరని చోట మాత్రమే మిగిలింది. ఈ మూడింటినీ, ఎక్కడ నునుపో ఎక్కడ గరుకో చెప్పే రఫ్‌నెస్ మ్యాప్‌లో మూడు రకాలుగా పెట్టాక, మొదటిసారి అది డబ్బులా కనబడింది. నిజం బిళ్లనే ఇసుక కాగితంతో రుద్ది చూద్దామని మధ్యలో బుద్ధి పుట్టింది గానీ, నాణేలను పాడుచేయడం 2011 నాటి చట్టం ప్రకారం నేరమని స్నేహితుడు గుర్తుచేశాడు. అవ్వ చట్టం అంతకంటే కఠినం. మానేశాను.

జూలై మొదటి వారమంతా వరహా. ఇది నా చేతికి దొరికేది కాదు. పుస్తకాల్లో బొమ్మలు చూసుకుని బ్లెండర్‌లో చేత్తో చెక్కాను. స్టూడియో వాళ్లు పంపిన నమూనాలో అది అరచేయంత ఉంది. అసలు వరహా 3.4 గ్రాములు. బంగారం సాంద్రతతో లెక్కవేసుకుంటే, 12 మిల్లీమీటర్ల వెడల్పుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. చొక్కా గుండీ అంత! 1514లో కృష్ణదేవరాయలు స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేశాడని చిన్నప్పటి నుంచి వింటూ పళ్లేలంత నాణేలు ఊహించుకున్నవాణ్ని, నాకే కాస్త నిరాశ కలిగింది. రాయల వరహా మీద ఒకవైపు బాలకృష్ణుడు, రెండోవైపు 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని మూడు వరుసల నాగరి లిపి. చేత్తో సుత్తితో కొట్టిన అచ్చు కాబట్టి బొమ్మ నడుమకు పడదు, అక్షరాలు అంచు దాటి తెగిపోతాయి, గుండ్రం కూడా సరిగ్గా గుండ్రం కాదు. నేను ముందు అలవాటుకొద్దీ చుట్టూ గట్టు పెట్టి, దాని మీద పళ్లు కూడా చెక్కాను. అవన్నీ చెరిపేశాను. మెరుపు కోసం అమ్మ కాసులపేరు అడిగి ఒక పూట లైటు కింద పెట్టుకుని చూశాను. చింతపండు బాకీ కింద వెంటనే ఇచ్చింది.

జూలై 6న అన్నీ కలిపి రెండర్ వేస్తే (లైటు పడ్డ పూర్తి బొమ్మగా తీస్తే) రూపాయి వాలు మీద మెట్లు కనబడ్డాయి, అలిపిరి మెట్లలాగా వరసగా. ఎక్కడ ఎంత ఎత్తో చెప్పే హైట్ మ్యాప్‌ను 8 బిట్‌లో దాచాను. అందులో ఉండేది 256 మెట్లే. 16 బిట్‌లో మళ్లీ తీస్తే నున్నగా వచ్చింది. 7న పంపాను.

నాలుగు రోజులు జవాబు లేదు. 11న వచ్చింది: "బొమ్మలన్నీ లోపలికి దిగబడి ఉన్నాయి, మొత్తం మళ్లీ చేయాలి." చేతులు చల్లబడ్డాయి. నా కంప్యూటర్‌లో అన్నీ పైకే ఉన్నాయి. రాత్రంతా ఫైళ్లు తిరగేశాక తేలిందేమిటంటే, నార్మల్ మ్యాప్‌లో పచ్చ రంగు పొరకు రెండు సంప్రదాయాలున్నాయి. బ్లెండర్ ఓపెన్‌జీఎల్ పద్ధతి వాడుతుంది, వాళ్ల గేమ్ ఇంజిన్ (ఆటను నడిపే సాఫ్ట్‌వేర్) డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి. ఒకదాన్ని ఇంకోదాంట్లో వేస్తే పైనుంచి పడే వెలుగు కిందినుంచి పడ్డట్టయి మిట్ట పల్లంలా కనబడుతుంది. పచ్చ పొరను తిరగేయడానికి పది సెకన్లు పట్టింది. పని ఒప్పుకునేటప్పుడే ఏ ఇంజిన్ అని అడిగి ఉంటే ఐదు రోజులు మిగిలేవి.

14న ఇంకో కోరిక: వరహా మరీ కొత్తగా ఉంది, కాస్త పచ్చటి చిలుము పట్టించమని. బంగారానికి చిలుము పట్టదని రాశాను. పాతదిగా కనబడాలి కదా అన్నారు. గీతలు పెంచుతాను, అక్షరాల సందుల్లో మట్టి పెడతాను, పచ్చదనం మాత్రం పెట్టనన్నాను. ఈ ఒక్క విషయంలో నేను తగ్గలేదు. తాము రాగిని దృష్టిలో పెట్టుకున్నామని మర్నాడు ఒప్పుకున్నారు.

ఈలోగా 12న అవ్వ కొండకు వెళ్లింది. మామయ్య కారులో తీసుకెళ్లాడు. నూటపదహారూ హుండీలో వేసి వచ్చింది, లడ్డూ తెచ్చింది. 17న స్టూడియో నుంచి మెయిల్: రూపాయి బొమ్మ వైపు చాలా బాగుంది, కెమెరా ఇంకా దగ్గరికి వెళ్తుంది కాబట్టి అదే నాణెం వెనకవైపు 8కెలో (4096కు రెట్టింపు పిక్సెళ్లతో) కావాలి. అదే నాణెం!

అవ్వకు చెప్తే కాసేపు ఆలోచించి, "ఆయన్నే అడిగి చూడు, ఇస్తాడేమో" అంది.

అదృష్టవశాత్తూ 26 రాత్రి వెనకవైపుకు కూడా అచ్చు తీసుకున్నాను. రాతి రూపాయి నా టేబుల్ మీదే ఉంది. ధాన్యం కంకుల గింజలన్నీ ఉన్నాయి, లేనిది పసుపే. ముందువైపు ఫొటోలో పసుపు ఎలాంటి సందుల్లో ఎంత మందంగా పేరుకుందో చూసుకుంటూ, నాలుగు రోజులు కూర్చుని వెనకవైపు చేత్తో వేశాను. 21 సాయంత్రం పంపాను. మిగతా 16,000 జూలై 29న పడింది. నా చేతి ఖర్చు 2,650. మిగిలినదాన్ని నలభై మూడుతో భాగిస్తే రోజుకు ఐదు వందలు కూడా లేవు. అమ్మకు ఈ లెక్క చెప్పలేదు.

అవ్వ ఇప్పుడు మోకాళ్ల కోసం కొత్త ముడుపు మొదలుపెట్టింది. నిన్న గుడ్డ తడుపుతుంటే, పసుపు కాస్త జాస్తిగా రాయమని చెప్పాను.